పడిపోయేది విమానం కాదు

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. విమానాశ్రయానికి వెళ్లాలి, యజమాని రిబ్బను కత్తిరించగానే చప్పట్లు కొట్టాలి, విమానం లేవగానే ఇంటికొచ్చి భోంచేసి పడుకోవాలి. రాత్రంతా దిగులుతో నిద్రపోలేదు మరి.

ఆయన పనిచేసేది ఒక బుల్లి విమాన సంస్థలో. దగ్గర దగ్గర ఊళ్ల మధ్య ఎగిరే చిన్న విమానాలే దాని ఆస్తి. ప్రయాణికుడు బెల్టు పెట్టుకుని ఒక ఆవులింత ఆవులించేలోపు దిగాల్సిన ఊరు వచ్చేస్తుంది. అలాంటి సంస్థ యజమాని ఉన్నట్టుండి సముద్రం దాటాలనుకున్నాడు. దేశానికి ఆ కొసన, నీళ్లకవతల ఉన్న నగరానికి ఏకబిగిన ఆరు గంటల ప్రయాణం. అందుకని ఒక పెద్ద విమానం అద్దెకు తెచ్చాడు.

ఏ ఊరికి విమానం నడిపితే గిట్టుబాటవుతుందో చెప్పడం మేనేజరు ఉద్యోగం. ఈ కొత్త రూటు మూడు నెలలకు మించి బతకదని ఆయన ముందే తేల్చేశాడు. మొదటిసారి చెబితే యజమాని నవ్వాడు. రెండోసారి చెబితే కిటికీలోంచి బయటికి చూశాడు. మూడోసారి, "నీకేమైనా సెలవు కావాలా ఏమయ్యా?" అని అడిగాడు.

విమానాశ్రయం వ్యానులో కూర్చున్నాక మనసాగక భార్యకు ఫోన్ చేశాడు.

"ఇది మధ్యలోనే పడిపోతుందే. నాకు ముందే తెలుసు."

"ఏమిటండీ పడిపోయేది?"

"ఇంకేముంది, మాదే. అంతదూరం లాగలేదు. పెద్దాయనకి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను, వింటేనా! నన్నడిగితే అసలు లేవకుండా ఉంటేనే మంచిది. లేచిందా, అందరం కలిసి మునుగుతాం."

అవతల ఆవిడ ఏదో అనబోయింది. అంతలో ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది.

పక్క సీట్లో ఒక సంగీతం టీచరు కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుగా చూడని చెల్లెలి దగ్గరికి ఆ విమానంలోనే వెళ్తోంది. ఆవిడ మేనేజరు కోటు మీదున్న సంస్థ బిళ్లను చూసింది. ఒళ్లో ఉన్న సంచిని గట్టిగా పట్టుకుంది. వ్యాను ఆగగానే అందరికంటే ముందు దిగిపోయింది.

యజమాని కోసం వెతుకుతూ మేనేజరు లోపలికి వచ్చేసరికి కౌంటరు దగ్గర గోలగోలగా ఉంది.

"వ్యాను వాళ్లు బెల్టు మీద పెట్టేసిన నా పెట్టె నాకిచ్చెయ్యమ్మా, నేను రాను," అంటోంది టీచరు. "మీ సంస్థ ఆయనే ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటున్నాడు, మధ్యలో పడిపోతుందని. మునుగుతాం అని కూడా అన్నాడు. కింద సముద్రం కదా!"

ఆ మాట వరసలో వెనక్కి పోతూ పోతూ పెరిగింది. మధ్యకు చేరేసరికి రెక్కకు పగులొచ్చింది. చివరికి చేరేసరికి పైలట్ వీలునామా రాసి మరీ వచ్చాడు.

"అదుగో, ఆయనే!" అని టీచరు చెయ్యి చూపించింది. వరసంతా ఒక్కసారిగా అటు తిరిగింది. యజమాని పరుగున వచ్చి మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమన్నావయ్యా నువ్వు?"

"నేను విమానాన్ని అనలేదండీ!"

"మరి దేన్నన్నారు?" నిలదీసింది టీచరు.

రూటు అనే మాట మేనేజరు పెదాల దాకా వచ్చింది. అప్పుడు యజమాని వెనకాల బ్యాంకు ఆఫీసరు కనిపించాడు. ఈ రూటుకు అప్పివ్వాలో వద్దో ప్రయాణం చేసి తేల్చుకుందామని వచ్చిన మనిషి. అప్పు రాకపోతే అద్దె విమానం వెనక్కి పోతుంది, సంస్థలో సగం మంది ఇళ్లకు పోతారు. పడిపోయేది విమానమంటే ప్రయాణికులు పోయేలా ఉన్నారు. రూటంటే బ్యాంకు పోయేలా ఉంది. మేనేజరుకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"మా అత్తగారినండీ!" అన్నాడు.

"అత్తగారు మధ్యలో పడిపోవడమేమిటి?"

"మోకాళ్లండీ. నడుస్తూ నడుస్తూ మధ్యలో పడిపోతారు. కర్ర పట్టుకోమంటే వినరు."

"లేవకుండా ఉంటేనే మంచిదన్నారు?"

"మంచం మీంచి."

"అందరం మునుగుతాం అన్నారు?"

"దుఃఖంలోనండీ," అన్నాడు మేనేజరు. భయంతో వణికిన ఆ గొంతు వాళ్లకు బాధతో పూడుకుపోయినట్టు వినిపించింది.

వరస మెత్తబడింది. ఎవరో "అయ్యో పాపం" అన్నారు. వీలునామా సంగతి పుట్టించిన పెద్దమనిషే, "ఈ రోజుల్లో ఇలాంటి అల్లుడు దొరుకుతాడా!" అని కళ్లు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. ఫోన్‌లో మునుగుతామని విని, మళ్లీ చేస్తే పలకక, హడలిపోయిన మేనేజరు భార్య టాక్సీలో వచ్చేసింది. ఆవిడకు పదడుగుల ముందు, చంకలో చేతిసంచితో, పందెంలో నడుస్తున్నట్టు వాళ్లమ్మ వస్తోంది.

"అల్లుడుగారూ! ఏం మునిగింది? మీరు బాగానే ఉన్నారా?"

మేనేజరు నోరు తెరిచేలోపే టీచరు ఆవిడ కాళ్లకేసి చూసి జాలిగా అడిగింది. "మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?"

"నా మోకాళ్లకేం? నిక్షేపంలా ఉన్నాయి."

"మీరు మధ్యలో పడిపోతారనీ, అసలు లేవకుండా ఉంటేనే మంచిదనీ మీ అల్లుడుగారు..."

అత్తగారు అల్లుడి వైపు మెల్లగా తిరిగింది. "నేను లేవకుండా ఉంటే మీకు మంచిదా?"

"ఏమండీ!" అంది భార్య.

మేనేజరు భార్యకు కన్ను కొట్టి సంగతి తెలపబోయాడు. "కంట్లో ఏం పడింది?" అని ఆవిడ కొంగుతో తుడవడానికి వచ్చింది.

వ్యవహారం చెయ్యి దాటుతోందని యజమాని కేకేశాడు. "ఎవరూ భయపడక్కర్లేదు! ఈ విమానం మీద మా మేనేజరుకి ఎంత నమ్మకమంటే, భార్యనీ అత్తగారినీ తీసుకుని ఈ రోజు ఇందులోనే వస్తున్నాడు!"

మేనేజరు ఇన్నేళ్లుగా విమానాల్ని నడిపించింది కుర్చీలో కూర్చునే. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కినా ఆయనకు కళ్లు తిరుగుతాయి.

"సార్, నేను..."

"విమానం ఎక్కుతావా, ఉద్యోగం దిగుతావా?" అన్నాడు యజమాని, అందరికేసి నవ్వుతూనే, ఆయన చెవిలో.

"పదండి," అంది అత్తగారు. "మధ్యలో ఎవరు పడిపోతారో నేనూ చూస్తాను."

ఆ మాటతో టీచరు పెట్టెను మళ్లీ బెల్టు మీద పెట్టేసింది. ఆ తర్వాత వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. ఆ అత్తా అల్లుళ్ల సంగతి ఎలా తేలుతుందో చూడకుండా వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు.

విమానంలో యజమాని ముందు వరసలో, భార్య వాళ్లమ్మ పక్కన కూర్చున్నారు. మేనేజరుకు బ్యాంకు ఆఫీసరు పక్క సీటు దొరికింది. లేచేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కింద నేల లేదు, అంతా నీళ్లే. సముద్రం సగం దాటాక మబ్బులు కమ్ముకున్నాయి. విమానం గతుకుల రోడ్డు మీద బండిలా ఊగడం మొదలుపెట్టింది.

ఇలాంటి ఊపులు అలవాటైన ఆఫీసరు తాపీగా ఆయన వైపు వంగాడు.

"మనిద్దరి మధ్యే ఉంటుంది, నిజం చెప్పండి. ఇది నిలబడుతుందంటారా?"

విమానం ఒక్కసారిగా జర్రున కిందికి దిగింది. మేనేజరు రెండు చేతులతో ఆఫీసరు చెయ్యి పట్టేసుకున్నాడు.

"నిలబడాలండీ! నిలబడి తీరాలి! ఇంతమంది బతుకులు దీని మీదే ఆధారపడి ఉన్నాయి!"

"ఒకవేళ దెబ్బతింటే?"

"ఆ మాట అనకండి, మీకు దణ్ణం పెడతాను! ఈ ఒక్కసారి గట్టెక్కితే చాలు, జన్మలో ఇంకేమీ అడగను!"

ఆయన చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. బ్యాంకులో తలనెరిసిన ఆ ఆఫీసరు, సంస్థ కోసం ఇలా ఏడ్చే ఉద్యోగిని అంతవరకూ చూడలేదు. ఆయన చేతిని తన చేతిలోనే ఉంచుకున్నాడు. దిగేదాకా వదల్లేదు. వదిలినా మేనేజరు వదిలేలా లేడు.

దిగాక టీచరు చెల్లెల్ని వాటేసుకుంది. ఆఫీసరు యజమానితో చెయ్యి కలిపాడు. "అంకెలు చూసినప్పుడు నాకూ అనుమానంగానే ఉండేదండీ. ఇలాంటి మనిషి మీ దగ్గరున్నాడని తెలీదు. అప్పు ఖాయం చేసుకోండి."

యజమాని అక్కడికక్కడే మేనేజరును దూరప్రాంతాల రూట్లన్నిటికీ అధిపతిని చేసేద్దామనుకుని చుట్టూ చూశాడు. మేనేజరు కనిపించలేదు.

మేనేజరు తప్పు లెక్కే వేశాడు. అటువైపు జనం అప్పటిదాకా రెండుచోట్ల విమానం మారి, రోజంతా బెంచీల మీద కునుకుతూ వచ్చేవాళ్లు. ఆ విసుగు ఎంతటిదో ఆయన ఊహకు అందలేదు. తిరుగు విమానంలో ఒక్క సీటూ మిగల్లేదు. కిటికీ పక్క సీటు పట్టుబట్టి మరీ తీసుకుంది అత్తగారు.

తనకు పదోన్నతి వచ్చిన సంగతి మేనేజరుకు వారం ఆలస్యంగా తెలిసింది, తిరుగు ప్రయాణానికి ఆయనెక్కిన ఓడ ఒడ్డుకు చేరాక.