పొట్టిగడ్డి పీకేసిన కొండ

ఒక పెద్ద అడవిలో, చెట్లన్నీ ఎక్కలేక ఆగిపోయిన చోట మొదలయ్యే పచ్చికకొండ మీద, సింహాచలం అనే కుందేలు ఉండేవాడు. ఏ గురువు దగ్గరా ఒక్క ముక్క నేర్చుకోలేదని ఆయనకు మహా వినయం. ఆ వినయాన్ని రోజుకు పదిమందికైనా వినిపించేవాడు.

గడ్డి నమిలి రకం చెప్పగలడు కాబట్టి కొండ పంచాయతీ ఆయన్నే నిపుణుడిగా వేసుకుంది. కొండ చల్లగా ఉంటుందని శ్రావణంలో గడ్డి తనిఖీ పెట్టారు. సింహాచలం నలభై రకాలు నమిలి, కడుపుబ్బి, నివేదిక ఇచ్చాడు. మెడ ఎత్తు పెరిగిన బోదగడ్డి ఒక్కటే పనికొచ్చేదట. మిగతా ముప్పైతొమ్మిదీ దాని చోటు తినేస్తున్న చిల్లరట.

ప్రెసిడెంటు అడవిదున్న పైడిరాజుకు ఎత్తున్నవాళ్లంటే మొదటినుంచీ గౌరవం. చిల్లరగడ్డి పీకే పని అడవిపందులకు అప్పజెప్పాడు. అవి వేళ్లతో సహా నమిలేశాయి. పంచాయతీ పని అంత శ్రద్ధగా అంతకుముందెవరూ చేసి ఎరగరు.

కడుపుతో ఉన్న ఆదెమ్మ అనే దుప్పి ఒక్కతే అడ్డమొచ్చింది. తనకు చైత్రంలో కాన్పని, అప్పటికి బోద ముదిరి పెదవులు కోస్తుందని, బండల పక్కన పాకే పొట్టిగడ్డి తింటేనే పాలు పడతాయని చెప్పుకుంది.

"ఎన్ని రకాలు లెక్కపెట్టావమ్మా నువ్వు?" అన్నాడు సింహాచలం.

"లెక్కెట్టలేదు బావూ. తిన్నాను. ఏడు ఎండాకాలాలు."

"అదీ సంగతి. చదువు లేదు," అని నవ్వాడాయన. పందులూ నవ్వాయి, నోటినిండా వేళ్లతో.

ఆ వానాకాలం కొండ కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడింది. పొరుగుకొండల ప్రెసిడెంట్లు వచ్చి చూసి, మెచ్చుకుని, కుళ్లుకుని వెళ్లారు. మాఘానికి బోద పాత పూరింటి కప్పు రంగుకు తిరిగింది. చైత్రానికి చీపురు నమిలినట్టయింది. ఆదెమ్మ ఈనింది. పొదుగులో చుక్క లేదు.

పంచాయతీ అత్యవసరంగా కూర్చుంది. నిపుణుడు పూటంతా ఆలోచించి, తప్పు ఎండాకాలానిదని తేల్చాడు. పైడిరాజు ఎండాకాలానికి సంజాయిషీ నోటీసు పంపాడు. జవాబుగా వడగాలి వచ్చింది.

ఆకలికి ఆగలేక సింహాచలం ఆదెమ్మ వెనకాలే నడిచాడు. పంది మూతి దూరని రాతిపగులులో ఆమెకు పొట్టిగడ్డి కాస్త దొరికింది. కొరకబోయి, ఆయన్ని చూసి పక్కకు జరిగింది.

"రా బావూ. నా పిల్లకి పాలు పడేంత మిగిల్చి తిను."

ఆయన తిన్నాడు. నివేదికలో చిల్లర కింద చిట్టచివర రాసిన రకమే అది. తల వంచుకుని మూడు పరకలతో ఆపేశాడు. నాలుగోనాటికి ఆదెమ్మకు పాలు పడ్డాయి.

మళ్లీ శ్రావణంలోనే పెట్టిన కొత్త తనిఖీకి కూడా సింహాచలాన్నే వేశారు, అనుభవం ఉందిగా మరి. పొట్టిగడ్డి విలువ ఇప్పుడాయనకు బాగా తెలుసు. ఎండాకాలంలో తనిఖీ చేయడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

నీతి: కొండకు పరీక్ష వానాకాలంలోనే పెట్టాలి; ఎండాకాలంలో పెడితే ఫెయిలయ్యేది కొండ కాదు.