నలుగురు సలీంలు

గురువారం పొద్దున కాప్టెన్ ఇన్‌షిరాహ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జట్టు జాబితా గుమాస్తా చేతిలో పెట్టి, ఇంటికెళ్లి బియ్యం కూరిన పావురాలు వండుకుని, మధ్యాహ్నం ఒక కునుకు తీయాలి. తంతా ఊళ్లోని యువజన కేంద్రంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఆవిడను అందరూ కాప్టెన్ అనే పిలుస్తారు, కన్నతల్లితో సహా.

మర్నాడే పోటీ. జట్టుకు ఎనిమిది మంది. బుద్ధి ఎదుగుదలలో వెనకబడిన పిల్లలు నలుగురు, ఏ లోపమూ లేని పిల్లలు నలుగురు కలిసి ఆడాలి. సరిగ్గా సగం సగం ఉండాలన్నది నియమం. మొదటి నలుగురి పేర్లూ ఆవిడకు కంఠతా వచ్చు, గోల్‌కీపర్ యుస్తీనా పేరు మరీను. కిందటేడు పోటీ రద్దయినప్పటి నుంచి పన్నెండేళ్ల ఆ పిల్ల ప్రతి శుక్రవారమూ చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని వచ్చి, "ఇవాళేనా కాప్టెన్?" అని అడుగుతోంది. మిగతా నలుగురిని పక్కనున్న బడివాళ్లు పంపాలి. ఎవరెవరో హెడ్మాస్టరు ఇంకా తేల్చలేదు. పేర్లు సాయంత్రం నింపుకోవచ్చని ఇన్‌షిరాహ్ ఆ నాలుగు గళ్లలోనూ 'సలీం' అని రాసింది. వాళ్ల భాషలో సలీం అంటే ఏ లోపమూ లేనివాడని.

కానీ సలీం అని పేరు కూడా పెట్టుకుంటారు. గుమాస్తా రుష్దీ జాబితా చూసి, "మాషా అల్లాహ్! నలుగురూ సలీంలే!" అని మురిసిపోయాడు. మూడు వారాలైతే గాని ఏ కాగితాన్నీ కదిలించని ఆ మనిషికి ఆ రోజు ఏం పూనిందో, గంటలో ఒక ప్రతి పోటీ కమిటీకీ, ఇంకో ప్రతి చొక్కాలు అచ్చువేసే కొట్టుకీ పంపేశాడు.

శుక్రవారం మైదానంలో మూట విప్పితే నాలుగు చొక్కాల వీపుల మీదా సలీం. అందులో ఒకటి బడివాళ్లు పంపిన షాహీనాజ్ అనే రెండు జడల పిల్లకు వచ్చింది. ఇన్‌షిరాహ్ వెంటనే ఫోన్ చేసింది.

"ఏంటి రుష్దీ గారూ ఈ ఘనకార్యం?"

"నాలుగిటికీ ఒకే అచ్చు సరిపోయింది కాప్టెన్! అదృష్టమంటే మనదే," అన్నాడాయన.

చొక్కాలతో పోయుంటే బాగుండేది. కమిటీ అధికారి ఫర్గలీ కాగితాల కట్టతో వచ్చాడు.

"జాబితాలో నలుగురు సలీంలున్నారు. మీరు తెచ్చిన జనన పత్రాల్లో ఒక్క సలీమూ లేడు. వాళ్లనేం చేశారు?"

"అది పేరు కాదు ఉస్తాద్. వీళ్లకు ఏ లోపమూ లేదని రాశానంతే."

"పేరైతే జనన పత్రం చూపించాలి. ఆరోగ్యమైతే డాక్టరు పత్రం చూపించాలి. పదకొండింటికల్లా ఏదో ఒకటి తేల్చండి. లేదంటే ఆట ఎదుటి జట్టుదే."

దెబ్బలకు కట్లు కట్టడానికని పిలిపించిన ముసలి డాక్టరు అద్లీ గొడుగు కింద ఖాళీగా కూర్చున్నాడు. పని దొరికిందని సంబరంగా లేచాడు. నలభై ఏళ్లలో ఒక్క దొంగ సంతకమైనా పెట్టలేదని ఆయనకు గర్వం. గుండె, ఊపిరితిత్తులు, కళ్లు, పళ్లు, అరికాళ్లు అని ఐదు గళ్లున్న పత్రాలు తీసి, బడి పిల్లలు నలుగురినీ వరసగా చూశాడు. మొదటివాడికి ఆయాసం. రెండోవాడికి కళ్లద్దాలు తీస్తే డాక్టరే కనబడలేదు. మూడోవాడి నోట్లో ఏడు పుచ్చుపళ్లు. షాహీనాజ్‌వి చదును పాదాలు.

"డాక్టర్ గారూ, కాస్త చూసీ చూడనట్టు..." అని ఇన్‌షిరాహ్ బతిమాలింది.

"ఈ నోరు చూసి సలీం అని ఎలా రాయనమ్మా? ఒరేయ్, పొద్దస్తమానం చెరుకురసమేనా?"

ఫర్గలీ లెక్క తేల్చేశాడు. "అంటే ఎనిమిది మందీ లోపమున్నవాళ్లే. సగం సగం లేదు. జట్టు చెల్లదు."

మినీబస్సు నిండా ఇరవైమూడు మంది చుట్టాలను ఎక్కించుకొచ్చిన యుస్తీనా తండ్రి నసీఫ్ తల పట్టుకుని కూలబడ్డాడు. గోల్ దగ్గర నిలబడిన యుస్తీనా అక్కణ్నుంచే, "ఇవాళ కాదా కాప్టెన్?" అని అరిచింది. ఇన్‌షిరాహ్ వంగి, ఊడని బూటు లేసు మళ్లీ కట్టుకుంది. ఆ పిల్లకు జవాబు చెప్పడం కంటే ఎదుటి జట్టుకు ఏడు గోల్స్ ఇచ్చుకోవడం నయమనిపించింది.

జవాబు రాకపోయేసరికి యుస్తీనా గబగబా నడిచొచ్చి డాక్టరు ముందు నిలబడింది.

"వాళ్లందర్నీ చూశావు. నన్ను చూడవా తాతయ్యా?" అని ఇంత నోరు తెరిచింది.

వరసలో నిలబడ్డ పిల్లను కాదనడం డాక్టరుకు చేతకాదు. గుండె విన్నాడు. కళ్లు చూశాడు. పాదాలు తిప్పి చూశాడు. "ఇలాంటి పళ్లు నా మనవళ్లలో ఒక్కడికీ లేవు!" అని ఉన్నదున్నట్టు సలీం అని రాసి సంతకం పెట్టాడు. బుద్ధికి ఆ పత్రంలో గడి లేదు. ఆ వెనకే వరసకట్టిన, యుస్తీనాలాంటి మిగతా ముగ్గురూ సలీంలే అయ్యారు.

ఫర్గలీ కాగితాలు మళ్లీ లెక్కపెట్టాడు. "లోపమున్నవాళ్లు నలుగురు, సలీంలు నలుగురు. సగం సగం! ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

ఆయన మళ్లీ లెక్కపెట్టేలోగా ఇన్‌షిరాహ్ పిల్లల్ని మైదానం వైపు తరిమింది.

"చొక్కాలు మాత్రం కాగితం ప్రకారం ఉండాలి," అన్నాడు ఫర్గలీ. పిల్లలు చొక్కాలు మార్చుకున్నారు. సలీం అన్న చొక్కా తొడుక్కుని యుస్తీనా గోల్ దగ్గరికి పరుగెత్తింది. నసీఫ్ డాక్టరు రాసిన పత్రాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. పన్నెండేళ్లుగా కూతురి గురించి ఆయన చేతికొచ్చిన కాగితాలన్నీ ఆమెకు ఏం లేదో చెప్పినవే. ఆయన సిగ్గుపడకుండా ఏడ్చాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అది చాలక పైన చెయ్యి కూడా అదిమి పెట్టుకుని ఆట చూశాడు.

ఏడు రెండు తేడాతో చిత్తుగా ఓడిపోయారు. తిరుగు ప్రయాణంలో మేనత్త యుస్తీనాను దగ్గరికి తీసుకుని, "పోన్లే తల్లీ, బెంగపెట్టుకోకు," అంది.

"ఏం చేస్తాం అత్తయ్యా," అంది యుస్తీనా గ్లోవ్స్ విప్పుకుంటూ, "మా జట్టులో నలుగురికి ఒంట్లో బాగోదు కదా."