నా తప్పులకు తొంభై ఎనిమిది మార్కులు

పని బాగా వచ్చినవాళ్ళ వల్లే చేతివృత్తులు నాశనమైపోతున్నాయని నాకు చాలాకాలంగా అనుమానం. ఇప్పుడది రుజువైంది. రుజువు చేసింది నేను కాదండీ, ఒక ఫోన్!

ముందు నా సంగతి చెప్పుకోవాలి. పేరు కాంతారావు. ఊరు పెడన, బందరు పక్కన. చేసేది కలంకారీ అద్దకం. ఇరవై ఆరేళ్ళుగా టేకు అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద కొడుతున్నాను. నాకంటే అధ్వాన్నంగా అద్దేవాడు ఊళ్ళో ఒకడుండేవాడు. పాపం, అతను ఆటో కొనుక్కుని ఈ పని మానేశాడు. అప్పట్నుంచీ ఆ స్థానం ఏకగ్రీవంగా నాదే.

నేనద్దిన నెమలికి తల ఒకచోటా మెడ ఒకచోటా ఉంటాయి. మధ్యలో చీమ దూరేంత సందు. నేనద్దిన లత చీర అంచు వెంబడి బుద్ధిగానే బయల్దేరుతుంది కానీ, సగం దూరం వెళ్ళాక ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు పక్కకి తిరుగుతుంది. మా ఆవిడ దుర్గ నా చీర కట్టుకుని ఒక పెళ్ళికెళ్తే "చీర తిరగేసి కట్టావేంటే?" అని అడిగారట. తిరగెయ్యలేదు. నేనద్దాను, అంతే.

అదే మా మావయ్య బాలస్వామి గారు అద్దితేనా! ఆయన దుర్గకి తండ్రి, నాకు పని నేర్పిన గురువు. నేర్పాలని చూసిన గురువు అంటే న్యాయంగా ఉంటుంది. యాభై రెండేళ్ళ చెయ్యి ఆయనది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో కళ్ళు చిల్లులు పడేలా చూసినా దొరకదు.

నా చీర పట్టుకుని షాపువాళ్ళు కోపంగా వచ్చినప్పుడల్లా ఆయన బల్ల మీంచి తల ఎత్తకుండా ఒకటే మాట అనేవారు. "అది నేనేసిందేనండి. కళ్ళజోడు పెట్టించుకోవాలి." ఇరవై ఆరేళ్ళుగా ఇదే మాట. కళ్ళజోడు మాత్రం ఇప్పటికీ పెట్టించుకోలేదు. అవసరం ఉంటే కదా! మా ఇంట్లో సూదిలో దారం ఎక్కించేది ఆయనే.

ఇక ఫోన్ సంగతికొస్తాను. ఎక్కడెక్కడో మిల్లుల్లో మా డిజైన్లే మెషిన్ మీద గంటకి కొన్ని వందల మీటర్లు కొట్టేసి, చేతి అద్దకం అని అమ్మేస్తున్నారు. మా పక్కనే చిలకలపూడి వాళ్ళు రోల్డ్‌గోల్డ్ గాజులు చేసి రోల్డ్‌గోల్డ్ అనే చెప్పి అమ్ముతారు. నకిలీ సరుక్కి కూడా ఒక నీతి ఉంటుంది కదండీ! ఈ మిల్లులకి అదీ లేదు. ఉడికిపోయి సంఘం ఆఫీసులో మీటింగ్ పెట్టుకున్నాం. ఏది చేతిపనో, ఏది మెషినో తేల్చి చెప్పే కంప్యూటర్ కావాలని తీర్మానించాం.

ఆ అర్జీ రాసిందెవరో తెలుసా? నేనే! అద్దకం రాకపోయినా దస్తూరి బావుంటుందని నాకప్పగించారు.

"చేత్తో తడిమితే తెలిసిపోతుంది కదా అల్లుడూ, కంప్యూటర్ ఎందుకు?" అన్నారు మావయ్య. పెద్దాయన, టెక్నాలజీ తెలియదు. నేను జాలిగా నవ్వాను.

ఎనిమిది నెలలు తిరక్కుండా హైదరాబాదు నుంచి ఒక కంపెనీ తరఫున నవ్యశ్రీ అనే అమ్మాయి వచ్చింది. చేతిలో ఫోన్, ఫోన్‌లో యాప్, యాప్‌లో ఏఐ. గుడ్డ ఫొటో తీస్తే చాలు, చేతిపనైతే ఆకుపచ్చ, మెషిన్‌దైతే ఎరుపు. ఆకుపచ్చ వచ్చినవాళ్ళ పేరూ, ఫొటో కూడా లేబుల్ మీద వేసి, ప్రతి చీరకీ కుడతారట. కొన్నవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చట.

"ఇది లక్ష గుడ్డలు చూసి నేర్చుకుందండీ," అంది నవ్యశ్రీ.

"ఒక్కటైనా అద్దిందామ్మా?" అనడిగారు మావయ్య.

మొదట ఆయన దుప్పటే పరిచాం. ఇంటి పరువు కదా! నవ్యశ్రీ ఫోన్ పెట్టింది. ఎర్రటి ఎరుపు! మెషిన్ ప్రింట్, తొంభై ఏడు శాతం నమ్మకంతో చెప్తున్నానంది ఫోన్. వెలుగు చాల్లేదేమోనని కిటికీ దగ్గరికి జరిపాం. ఎరుపే. వాకిట్లో ఎండలో పరిచాం. ఈసారి తొంభై తొమ్మిది శాతం!

అప్పుడు, మూలన మంచం మీద కప్పి ఉన్న నా గుడ్డ మీద ఆ అమ్మాయి కన్ను పడింది. దుర్గ అడ్డం పడబోయింది కానీ ఆలస్యమైపోయింది. ఫోన్ టింగుమంది. ఆకుపచ్చ! స్క్రీన్ మీద పూలు కూడా రాలాయి. అసలు సిసలు చేతిపని, తొంభై ఎనిమిది శాతం.

పదో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చిన మార్కులకి ఇవి సరిగ్గా ఏడు రెట్లు.

"ఏవండీ, ఈ ఫోన్‌కి కూడా కళ్ళజోడు పెట్టించాలేమో!" అంది దుర్గ.

నవ్యశ్రీ మర్యాదగానే చెప్పింది. "మనిషి చెయ్యి ఇంత కరెక్ట్‌గా పడదండీ. అతుకు ఎక్కడో ఒకచోట కనపడాలి. బాలస్వామి గారి గుడ్డలో ఎక్కడా కనపడట్లేదు." ఎంత సబబుగా ఉందో చూడండి! మనిషన్నాక తప్పు చేస్తాడు. తప్పు లేదంటే మనిషి లేనట్టే. ఈ లెక్కన పెడన మొత్తానికి నాకంటే గొప్ప మనిషి లేడు.

ఇరవై ఆరేళ్ళుగా నన్ను చూసి నవ్వినవాళ్ళంతా వరసకట్టారు. మా వీధిలోనే అద్దకం చేసే అబ్బులు బావ నీళ్ళు నములుతూ వచ్చి, "కాంతారావు గారూ, ఆ నెమలి మెడ కొంచెం మాకూ నేర్పుదురూ" అన్నాడు. అబ్బులు బావ నన్ను గారూ అనడం అదే మొదటిసారి. నేను మెడ సవరించుకుని పాఠాలు మొదలుపెట్టాను. మొదటిరోజు, గుడ్డ వైపు చూడకుండా అద్దుట. రెండోరోజు, ఫోన్ మాట్లాడుతూ అద్దుట. మూడోరోజు, పెళ్ళాం ఏం తెమ్మందో గుర్తు తెచ్చుకుంటూ అద్దుట. ఈ మూడో పాఠానికి ఫలితాలు అమోఘంగా వచ్చాయి!

ఇంత మంచి యాప్‌ని గుడ్డలకే పరిమితం చెయ్యడం అన్యాయం కాదూ? బందరు లడ్డూ గుండ్రంగా ఉందా? మెషిన్‌ది, పారెయ్యండి. కృత్తివెన్ను చెరువుల్లో రొయ్యలన్నీ ఒకే సైజున్నాయా? రబ్బరువి అయ్యుంటాయి. గుడివాడలో డాక్టరు రాసిన మందుచీటీ చదవగలుగుతున్నారా? ఆయన డాక్టరే కాదు! మొన్న మా ఇంట్లో పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోతే, హోటల్‌ది కాదు కదా అని దుర్గనడిగాను. సాయంత్రం పప్పు నూటికి నూరుపాళ్ళూ చేతివంటే అని తేలింది. నోట్లో పెట్టుకోలేకపోయాను.

మావయ్య మాత్రం ఈ ఎరుపునీ ఆకుపచ్చనీ లెక్కచెయ్యలేదు. తన బల్ల దగ్గర తను, తన అచ్చుతో తను. దివిసీమ నుంచి ఫోన్ వచ్చేవరకూ.

అవనిగడ్డలో సుబ్బరత్నమ్మ గారని రిటైరైన టీచరున్నారు. ముప్ఫై ఏళ్ళుగా మావయ్య అద్దిన చీర తప్ప ఇంకోటి కట్టలేదావిడ. మనవరాలు సరదాగా ఆ యాప్ పెట్టి బీరువాలో చీరలన్నీ చూసిందట. పన్నెండు చీరలూ ఎరుపే.

"ఇన్నేళ్ళూ మిషన్‌వి అంటగట్టారా బాలస్వామి గారూ? మీరే అద్దారని అందరికీ చెప్పుకున్నానే!" అందట ఆవిడ. తిట్టి ఉంటే ఆయన ఊరుకునేవారు. ఆవిడ గొంతు వణికిందట.

ఆయన రెండుపూటలు అన్నం తినలేదు. మూడోపూట నా దగ్గరికొచ్చి, "ఆ తప్పులు ఎలా చేస్తావో చూపించు అల్లుడూ" అన్నారు.

ఆ మొహం చూశాక నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నాను. అయినా చూపించాను.

ఆయన తలూపి అద్దకం మొదలుపెట్టారు. మీటరుకో తప్పు. లత దగ్గర అచ్చుని నూలుపోగంత పక్కకి జరిపి కొట్టారు. పది మీటర్లూ అయ్యాక ఫోన్ పెడితే ఎరుపు! ఎందుకో తెలుసా? పది తప్పులూ పదిచోట్లా సరిగ్గా అదే పోగు దగ్గర, అదే కొలతలో పడ్డాయి. మెషిన్ కూడా అంత క్రమశిక్షణగా తప్పు చెయ్యదు! నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వబోయారు కానీ రాలేదు.

ఆ వారంలోనే పనిమీద గుడివాడ వెళ్ళాను. రైలు దిగి బజార్లో నడుస్తుంటే ఒక షాపు ముందు వేలాడదీసిన చీరలు. నెమళ్ళు. తల ఒకచోట, మెడ ఒకచోట, మధ్యలో చీమ దూరేంత సందు! నా నెమలండీ! నా సొంత తప్పు!

షాపతన్నడిగితే మిల్లు సరుకేనన్నాడు. "కొత్త మెషిన్ సార్. చేతిపని ఫీల్ కోసం కంప్యూటరే అక్కడక్కడా తప్పులు వేస్తుంది." ఫోన్ పెట్టి చూశాను. ఆకుపచ్చ, తొంభై తొమ్మిదిన్నర. నాకంటే ఒకటిన్నర ఎక్కువ! నా తప్పును నాకంటే బాగా చేస్తోంది. బతుకు మొత్తంలో నాకంటూ ఉన్న ఒక్క విద్య అది. అదీ ఎత్తుకుపోయారు.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నా గౌరవం ఏం కాను? అబ్బులు బావ మళ్ళీ ఒరేయ్ అంటాడు.

పోయిన శుక్రవారం నవ్యశ్రీ మళ్ళీ వస్తానంది. ఈసారి కూడా ఎరుపొస్తే బాలస్వామి గారి పేరు లిస్టులోంచి తీసెయ్యక తప్పదని ముందే ఫోన్లో చెప్పింది. లిస్టులో పేరుండి, లేబుల్ మీద ఫొటో పడితే అది అవనిగడ్డ పంపుదామని దుర్గ ఆశ. మొక్కుకుంది కూడా.

ఆ శుక్రవారం పొద్దున్నే మావయ్య కొత్త చీర పరిచారు. "ఇవాళ తప్పులూ గిప్పులూ వద్దు, నా పని నేను చేసుకుంటాను" అన్నారు. నేను పక్క బల్ల దగ్గరున్నాను. అచ్చు ముంచడం, పెట్టడం, పిడికిలితో ఒక్కటి వెయ్యడం. ఆ చప్పుడుకో లెక్క ఉంటుంది, నిద్రలో కూడా గుర్తుపడతాను. అంచు సగం అయ్యేసరికి ఆ చప్పుడు ఒకసారి తేడాగా వినిపించింది.

తల తిప్పి చూశాను. ఆయన అచ్చు చేత్తో పట్టుకునే నిలబడిపోయారు. లత తెగింది. గోరంత సందు. కావాలని చేసింది కాదు. యాభై రెండేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి వణికింది.

ఆయన ఆ సందు మీద బొటనవేలు పెట్టి చూసుకున్నారు. మిగతా అంచు పూర్తిచేశారు.

నవ్యశ్రీ వచ్చింది. ఫోన్ పెట్టింది. టింగ్! ఆకుపచ్చ! పూలు రాలాయి. "బాలస్వామి గారూ, పాసైపోయారండీ!" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నిజంగానే సంతోషించింది, మంచి పిల్ల. దుర్గ దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. అబ్బులు బావ గుమ్మంలోంచే కేక వేశాడు.

"ఇటు చూడండి, లేబుల్‌కి ఫొటో తీస్తాను," అంది నవ్యశ్రీ.

మావయ్య ఫోన్ వైపు చూడలేదు. "నాది కాదమ్మా అది," అన్నారు. "మా అల్లుడేశాడు."

అని నా వైపు చూశారు. ఇరవై ఆరేళ్ళలో ఆయన నన్నేదీ అడగలేదు. ఇప్పుడూ నోరు తెరిచి అడగలేదు.

పాఠకులారా, ఈ యాప్ ఒక వరమని ఇందాకట్నుంచీ వాదిస్తున్నాను కదా? ఒక్క చిన్న అనుమానం మాత్రం మిగిలిపోయింది. యాభై రెండేళ్ళు తప్పు లేకుండా పనిచేసినంతకాలం ఆయన మనిషని నమ్మనిది, చెయ్యి వణికిన నిమిషంలోనే పూలెందుకు జల్లింది? ఆ అర్జీ రాసిన దస్తూరి నాదే కాబట్టి, గట్టిగా అడిగే అర్హత నాకు లేదు.

నేను లేచి ముందుకెళ్ళాను. "అవునండీ, అది నేనేసిందే," అన్నాను. "కళ్ళజోడు పెట్టించుకోవాలి."

ఒక్కరు కూడా అనుమానపడలేదు. దుర్గ సైతం "అనుకున్నాను" అంది. నవ్యశ్రీ లిస్టులో ఒక పేరు కొట్టేసి, నాకు ఫొటో తీసింది. లేబుల్ మీద నేను మొహం చిట్లించుకుని ఉంటాను, చూడండి. కళ్ళజోడు మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆ నిమిషంలో నాకు నిజంగానే ఏమీ కనపడలేదు.