వస్తువులతో పాఠం

ఆ ఉదయం ఇంగ్లీషు మాస్టారు మామూలుకన్నా ముందే లేచి మీసాలు దువ్వుకున్నారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం వినే రోజది. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మినెంటు, నచ్చకపోతే మళ్ళీ ట్యూషన్లే గతి. పాఠం ‘గివ్ బ్యాక్’, అంటే తీసుకున్నది తిరిగివ్వడం. వ్యాకరణం చెబితే పిల్లలు నిద్రపోతారనీ, వస్తువు చేతికిచ్చి చెబితే చచ్చినా మరిచిపోరనీ మాస్టారి సిద్ధాంతం.

“ఏమోయ్, చేతికందిన వస్తువులు నాలుగు సంచిలో పడెయ్!”

“మనవేనా?” అంది భార్య.

“మనింట్లో ఉన్నవి మనవి కాక ఎవరివే?”

ఆవిడ సంచి నింపింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పి బాగుపడింది లేదు.

క్లాసులో వెనక బెంచీ మీద ఇన్‌స్పెక్టరు, పక్కన హెడ్మాస్టరమ్మ కూర్చున్నారు. మాస్టారు గొడుగు తీసి ముందు బెంచీ పిల్లకిచ్చి, “గివ్ ఇట్ బ్యాక్!” అన్నారు. ఆ పిల్ల తిరిగివ్వబోయిందో లేదో, గుమ్మంలో నిలబడ్డ అటెండరు చటుక్కున అందుకున్నాడు.

“ఇది నాదండీ! పోయిన వానల్లో పట్టుకెళ్ళారు. పిడికి నేను కట్టిన తాడు కూడా అలాగే ఉంది!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు “గుడ్ ఎగ్జాంపుల్!” అంటూ ఫ్లాస్కు తీశారు. వరండాలో పోతున్న డ్రాయింగు టీచరు కిటికీ దగ్గర ఆగిపోయింది.

“అమ్మయ్య, దొరికింది! దీనికోసం మా అత్తగారు నన్ను సాధించని రోజు లేదు కదండీ!”

ఫ్లాస్కూ కిటికీలోంచి వెళ్ళిపోయింది. కంగారులో మాస్టారు సంచిలో చెయ్యి పెడితే ఈసారి టేబుల్ గడియారం వచ్చింది. హెడ్మాస్టరమ్మ నెమ్మదిగా లేచారు.

“అది మా ఇంటిది కాదూ?”

“గివ్ ఇట్ బ్యాక్, సార్!” అని క్లాసు క్లాసంతా అరిచింది.

ఉద్యోగం గోవిందా అనుకున్నారు మాస్టారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. ఇంతలో ఇన్‌స్పెక్టరు వచ్చి ఆయన భుజం తట్టారు.

“అద్భుతమండీ! స్టాఫందరికీ ముందే నేర్పించి మరీ నాటకం ఆడించారే! ఇంత సహజంగా నేనెక్కడా చూళ్ళేదు. ఏదీ, మీ పెన్ను ఇలా ఇవ్వండి, పర్మినెంటుకు రాసేస్తాను.”

మాస్టారు ఆనందంతో జేబులోంచి పెన్ను తీసిచ్చారు. పెళ్ళిలో మామగారు పెట్టిన బంగారు పాళీ పెన్ను అది. మాస్టారు తెచ్చిన సామానులో ఆయన సొంతమైనది అదొక్కటే. ఇన్‌స్పెక్టరు సంతకం చేసి, పెన్నుకు మూతపెట్టి, తన జేబుకు తగిలించుకుని బయల్దేరారు. మాస్టారు గేటుదాకా వెంటే నడిచారు.

“ఇంకేమైనా చెప్పాలా మాస్టారూ?”

“అబ్బే, ఏం లేదండీ.”

పిల్లలందరికీ కంఠతా వచ్చిన ముక్క మాస్టారి నోటికి మాత్రం రాలేదు.