రాగి చేపకు చల్లని అతుకు

“వేడి లేకుండా అతికించడమే మా ప్రభుత్వ విధానం!” అని మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఆయన పీఏ. అదీ ఉద్యోగంలో భాగమే.

నాయకులైన బావాబావమరుదులు పడక పార్టీ చీలినప్పుడు దాని గుర్తు, రాగి చేప, కూడా రెండు ముక్కలైంది. తలను బావగారు పట్టుకుపోతే తోకను బావమరిదిగారు పట్టుకుపోయారు. ఇద్దరూ కలిస్తేనే ప్రభుత్వం నిలుస్తుంది. అందుకే మంత్రిగారు ప్రయోగశాల నుంచి శాస్త్రవేత్తమ్మను, లోహాలు అతికించే ఆమె నానో పేస్టుతో సహా, సభకు ముందే పిలిపించి మాట్లాడారు.

“ఇందులో కంటికి కనబడని వెండి నలుసులుంటాయి సార్. వెండి కరిగే వేడిలో నాలుగో వంతు చాలు, ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. తర్వాత అదే వేడి పెట్టినా వదలవు.”

“నాలుగో వంతంటే?”

“రెండువందల నలభై డిగ్రీలు.”

“స్టేజీ మీద నాకు చెమట పడుతుందమ్మా. తగ్గించండి.”

సున్నాకు విలువ లేదని చిన్నప్పుడే చదువుకున్న పీఏ ఒక సున్నా కొట్టేసి, ఏసీని ఇరవై నాలుగులో పెట్టించాడు. మంత్రిగారు మెచ్చుకుని, “చేప ఊడిందో, నీ కుర్చీ ఊడుతుంది” అని ఆశీర్వదించారు.

సభలో చప్పట్లయ్యాక పేస్టు రాశారు. బావ తలను, బావమరిది తోకను పట్టుకుని ఎదురెదురుగా నొక్కారు. ఫొటోలైపోయాయి. పేస్టు మాత్రం వెన్నలా జారుతూనే ఉంది.

“ముందు నువ్వు చెయ్యి తియ్యి బామ్మర్దీ.”

“పెద్దవాడివి, నువ్వే తియ్యి బావా.”

ముందు తీసినవాడే ఐక్యతను చెడగొట్టినవాడవుతాడని ఇద్దరికీ తెలుసు. జనం వెళ్లిపోయారు, కుర్చీలు ఎత్తేశారు, ఆ ఇద్దరూ కదల్లేదు. పీఏ ఇద్దరి నోటికీ సమానంగా కాఫీ అందించాడు. బావగారి ముక్కు దురద పెడితే గోకి, పక్షపాతమన్న మాట రాకుండా బావమరిదిగారి ముక్కూ గోకాడు.

బావమరిదిగారి మోచేతులు వణకడం చూసేసరికి మాత్రం పాపం అతని పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్లి, “అమ్మా, ఇక నువ్వే దిక్కు!” అని శాస్త్రవేత్తమ్మను తీసుకొచ్చాడు. ఆమె హీటరు తెచ్చి స్టేజీ మీద పెట్టింది.

“కాసేపు ఇందులో పెట్టి నొక్కితే చాలండి. ఇక జన్మలో విడిపోదు.”

“జన్మలోనా?” అన్నారు బావ.

“అసలు విడిపోదా?” అన్నారు బావమరిది.

ఆమె స్విచ్చి మీద వేలు పెట్టగానే ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. “వద్దమ్మా!”

పక్కనే పార్టీ ప్రెసిడెంటుతో ఫోనులో ఉన్న మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

“విన్నారా ప్రెసిడెంటుగారూ? ఇద్దరిదీ ఒకే మాట!”

పీఏ హాయిగా ఊపిరి పీల్చుకుని, మరో రెండు కాఫీలు చెప్పాడు.