రెండు కుండీలు, ఒక ప్రార్థన

ఆ ఉదయం సైన్సు టీచరు ఏడో తరగతికి చెప్పాలనుకున్నది చిన్న పాఠమే. చిక్కుడు గింజలు నాటిన రెండు కుండీల్లో ఒకదాన్ని కిటికీ దగ్గర, ఒకదాన్ని బీరువాలో పెట్టి తేడా చూపించాలి. ఆమె కొత్తగా చేరారు. ఏడాదిపాటు ఎవరి నోటా పడకుంటే ఉద్యోగం ఖాయమవుతుంది.

ఇంతలో, క్లాసంతా ‘ప్రశ్నల పుట్ట’ అని పిలిచే అమ్మాయి లేచి నిలబడింది.

“టీచర్, ప్రార్థన చేస్తే మొక్క బాగా పెరుగుతుందా?”

ఔననడానికి టీచరుకు సైన్సు అడ్డొచ్చింది. కాదనడానికి ధైర్యం చాలలేదు. చూద్దాం అన్నారు. రెండు కుండీలూ కిటికీలోనే పెట్టించారు. కుడివైపు మొక్క కోసం పిల్లలు రోజూ ప్రార్థించాలి, ఎడమవైపు దాని ఊసెత్తకూడదు. మిగతావన్నీ సమానం.

సాయంత్రానికి ఆ మాటకు కాళ్లొచ్చాయి. టీచరు దేవుడికే పరీక్ష పెడుతోందని కొన్ని ఇళ్లలో అనుకున్నారు. సైన్సు పీరియడులో ప్రార్థనలు చేయిస్తోందని మరికొన్ని ఇళ్లలో అనుకున్నారు. మర్నాడు మొదటి మాట పట్టుకుని ప్రశ్నల పుట్ట అమ్మమ్మ, రెండో మాట పట్టుకుని ఇంకో పిల్లవాడి తండ్రి అయిన మందుల షాపాయన ఒకేసారి హెడ్మాస్టరు గదికి వచ్చారు. ప్రయోగం ఆపాలన్నదే ఇద్దరి కోరిక. అవతలివాళ్ల కోరికా అదేనని తెలిశాక మాత్రం ఇద్దరికీ అనుమానం వచ్చింది. సాగనిమ్మని చెప్పి వెళ్లిపోయారు.

మూడు వారాలు తిరిగేసరికి కుడివైపు మొక్క కిటికీ ఊచలను పట్టుకుని ఎగబాకింది. ఎడమవైపుది పసుపెక్కి తల వాల్చేసింది. అమ్మమ్మ తన స్నేహితురాళ్లను వెంటబెట్టుకొచ్చి చూపించారు. చూసినవాళ్లు ఇంకొందరిని పంపారు. వరండాలో కాలు పెట్టే చోటు లేదు. టీచరు రహస్యంగా ఎరువు వేసిందని మందుల షాపాయన ఊరంతా చెప్పుకొచ్చాడు. ఈ గొడవ ఇవాళే తేల్చకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోమన్నారు హెడ్మాస్టరు.

అమ్మమ్మా, షాపాయనా చివరి బెంచీ మీద కూర్చుని చూస్తుండగా టీచరు వాడిన మొక్కను పెరికారు. వేళ్లు కుళ్లి, బురద కారింది. భయమంతా పక్కకు పోయి, ఆమెకు ఆసక్తి పుట్టింది.

“దీనికి ఇన్ని నీళ్లు ఎవరు పోశారు?”

ప్రశ్నల పుట్ట తల దించుకుంది. “నేనే టీచర్. పాపం, దాన్ని పట్టించుకునేవాళ్లే లేరని రోజూ ఇంకాస్త పోశాను. ఇంటి దగ్గర దానికోసం రెండు పూటలా ప్రార్థన కూడా చేశాను.”

“నేనూ అంతే టీచర్” అంటూ వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే దాదాపు క్లాసంతా చేతులెత్తింది. జాలిపడనివాడు ఒక్కడే, వాడు ఆ మూడు వారాలూ జ్వరంతో రాలేదు.

ఎక్కువ ప్రార్థనలు అందుకున్న మొక్కే చచ్చిపోయిందని అందరికీ ఒకేసారి తట్టింది. నిన్నటిదాకా ప్రయోగమే బూటకమన్న షాపాయన, ఫలితం తేలిపోయిందని, ఇక చెయ్యాల్సిందేమీ లేదని లేచాడు.

“ఎలా తేలిపోతుంది బాబూ?” అన్నారు అమ్మమ్మ. “నీళ్లు సమానంగా పొయ్యకుండా నింద దేవుడి మీద వేస్తావా? రెండింటికీ కొలిచి పోసి, మళ్లీ చేసి చూడాలి.”

కుళ్లిన వేళ్లు చూసినప్పట్నుంచీ ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్న టీచరు, దాన్ని అలాగే బోర్డు మీద రాశారు. పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఎవరిని కోప్పడాలో తెలియక హెడ్మాస్టరు కొత్త గింజలు తెప్పించారు.

ప్రార్థనల సంగతి ఎవరిష్టానికి వారికి వదిలేసి, టీచరు నీళ్ల చెంబు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారు.