లైబ్రరీలో ఇద్దరు ఎక్కువ

"నాలాంటి మెదడు శతాబ్దానికి ఒకటే పుడుతుంది. ఈ శతాబ్దం కోటా నాతో అయిపోయింది," అన్నాడు డేగకన్ను, 'లాగండి' అని రాసి ఉన్న తలుపును బలంగా తోస్తూ.

ఆ బిరుదు వాడికి వాడే ఇచ్చుకున్నాడు. కళ్లజోడు తీస్తే ఎదురుగా ఉన్న గోడకు కూడా నమస్కారం పెడతాడు. వాడూ నేనూ ఈ వర్క్‌షాపుకి మూడు నెలల ఇంటర్న్‌షిప్ కోసం వచ్చాం. కట్టబోయే భవనాలను అట్టతో, చెక్కతో బల్ల మీద పట్టేంత నమూనాలుగా చేసివ్వడం ఇక్కడి పని. మేం వచ్చినప్పటి నుంచీ ఒక లైబ్రరీ నమూనా మీదే ఉన్నాం. ఇవాళ అది వెళ్లిపోతుంది, మేమూ వెళ్లిపోతాం. నాలుగింటికి అందరికీ థాంక్స్ చెప్పాలి.

నా జేబులో నాలుగు వాక్యాల కాగితం ఉంది. అది ఇక్కడ మాకు పని నేర్పిన కత్తెరక్క కోసం. మొదటి వారం నేను లైబ్రరీ పైకప్పును తిరగేసి కోసి తగలేస్తే, ఎవరికీ చెప్పకుండా, భోజనం మానేసి కూర్చుని మళ్లీ చేసిపెట్టింది. ఇంతవరకు ఆవిడకు థాంక్స్ చెప్పలేదు. చెప్పబోయినప్పుడల్లా మాట మార్చేసేదాన్ని.

"అసిస్టెంట్," డేగకన్ను నా చెవిలో గుసగుసలాడాడు, "ఘోరం జరిగింది. లైబ్రరీలో చొరబాటు."

"ఏం చొరబడింది, చీమా?"

"మనుషులు. క్లయింటు ఒప్పుకున్న షీటులో నలభై మంది బొమ్మలే ఉన్నాయి. నేను లెక్కపెడితే నలభై రెండు. ఇందులో అంతర్జాతీయ హస్తం ఉండొచ్చు."

"ఎన్నిసార్లు లెక్కపెట్టావు?"

"ఐదుసార్లు. మూడుసార్లు నలభై రెండొచ్చింది. మెజారిటీ."

"పోయి సారుకి చెప్పు మరి."

"తొందరెందుకు? అందరినీ ఒకచోట చేర్చి గుట్టు రట్టు చేస్తాను. థాంక్స్ మీటింగ్ ఉందిగా."

నేను జేబులోని కాగితాన్ని తడిమి చూసుకున్నాను.

నాలుగింటికి అందరూ లైబ్రరీ చుట్టూ చేరారు. యజమాని స్కేలు సారు ఎప్పటిలాగే చేతిలో స్టీలు స్కేలుతో వచ్చి, "త్వరగా కానివ్వండర్రా, ఐదింటికి బండి వస్తుంది," అన్నారు.

డేగకన్ను గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా, మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకున్నందుకు ధన్యవాదాలు. మీలో ఒకరు నేరస్థులు."

ఎవరో మొదలుపెట్టిన చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి.

కత్తెరక్క మాత్రం వాడి మాట వినడం లేదు. నమూనా గేటు దగ్గరికి వంగి చూసి, "ఇద్దరేరి?" అంది. కంగారుగా బల్ల కింద వెతికింది.

"చూశారా సార్? షీటులో లేని ఇద్దరి సంగతి ఈవిడకెలా తెలుసు? మాస్టర్‌మైండ్ ఈవిడే."

సారు షీటు చూశారు. "ఇందులో నలభై అనే ఉంది. నువ్వు ఎక్కువ పెట్టావా?"

"పెట్టాను సార్."

"ఒప్పుకున్నదాంట్లో వేలు పెట్టకూడదని నీకు నేను చెప్పాలా? ఎందుకు పెట్టావు?"

అక్క మా ఇద్దరి వైపు చూసి తల దించుకుంది. పన్నెండేళ్లుగా ఇక్కడ ఒక్క మాట పడని మనిషి. నాకు డేగకన్నుని కుర్చీకి గమ్ముతో అంటించాలనిపించింది.

"ఇప్పుడు సైన్సు మాట్లాడుతుంది," అంటూ వాడు చొక్కా జేబులోంచి భూతద్దం సర్రున లాగాడు. దాంతోపాటు ఒక రుమాలు, సగం కొరికిన బిస్కెట్టు, వాడు పొద్దున్నే గేటు దగ్గర అరెస్టు చేసిన గోరంత బొమ్మలు రెండు బల్ల మీద పడ్డాయి. భూతద్దం జారి సారు చేతిలో పడింది.

సారు అందులోంచి ఆ బొమ్మలను చూశారు. చాలాసేపు చూశారు.

"ఈ వంగినవాడి చేతిలో ఏంటిది, భూతద్దమా?"

డేగకన్ను ఖాళీ అయిన తన చేతిని చూసుకున్నాడు.

"ఈ అమ్మాయి ఎడమ చూపుడువేలికి తెల్లగా ఏదో ఉంది."

నేను నా వేలు చూసుకున్నాను. మూడు నెలల్లో దానికి కట్టు లేని రోజు లేదు.

"పిల్లలు చేసిన మొదటి బిల్డింగు కదా సార్," అంది అక్క మెల్లిగా. "బయటికి పోతున్నట్టు కాదు, లోపలికి వస్తున్నట్టు పెట్టాను."

కాగితం తీశాను. కళ్లనిండా నీళ్లు, ఒక్క అక్షరం కనపడలేదు. "అక్కా, ఆ పైకప్పు... థాంక్సక్కా," అన్నాను. నాలుగు వాక్యాల్లో మిగిలింది అంతే. అక్క నా వేలు పట్టుకుని, "ఈ కట్టు మార్చుకో ముందు," అంది.

సారు షీటులో నలభైని కొట్టేసి నలభై రెండు అని రాశారు. "క్లయింటుకి నేను చెప్పుకుంటాలే."

డేగకన్ను కళ్లజోడు తుడుచుకుని, ఇద్దరినీ తన చేత్తోనే గేటు దగ్గర నిలబెట్టాడు. "ఆగంతకులను గుర్తించాను. కేసు ముగిసింది," అన్నాడు.

"ఎక్కడ ముగిసింది?" అన్నారు సారు, మళ్లీ భూతద్దంతో వంగి. "గేటు దగ్గర ఆ మూడో ఆసామీ ఎవరు?"

అది బిస్కెట్టు ముక్క. డేగకన్ను సాక్ష్యాన్ని నోట్లో వేసుకున్నాడు.